ఇల్లు ఇచ్చారు, దస్తావేజు అడగలేకపోయాం

(సొసైటీ వార్షిక సమావేశంలో ఆస్తుల కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్.



ప్రతి ఏడాదీ ఈ వేదిక మీద మా కమిటీ జమాఖర్చులు చదువుతుంది. ఈసారి లెక్కల్లో ఒక పద్దు మీ కంటపడి ఉంటుంది. ‘ఇంటి వాటాల కొనుగోలు’ అని రాశాం. అది చూసి కొందరు దాతలు మమ్మల్ని అడిగారు. “ఆ ఇల్లు మనకు దానంగా వచ్చిందే కదా, మళ్ళీ కొనడం ఏమిటి?” అని. అడగవలసిన ప్రశ్నే. జవాబు చెప్పవలసినవాళ్ళం మేమే. అందుకే ఈ రోజు మా ప్రసంగమంతా ఆ ఒక్క పద్దు గురించే.

ఆడపిల్లల ట్యూషన్ సెంటరు నడుస్తున్న ఇల్లు మీలో చాలామంది చూసినదే. మూడు గదులు, ముందు వరండా, వెనక వేపచెట్టు. పదేళ్ళ కిందట ఒక పెద్దావిడ ఆ ఇంటిని మన సొసైటీకి ఇచ్చారు. ఊరంతా ఆమెను ఖాలా అనే పిలిచేది. భర్త పోయారు, పిల్లలు లేరు. ఒక జుమా నమాజు తర్వాత మమ్మల్ని పిలిపించి, నలుగురు పెద్దల ముందు, “ఈ ఇల్లు పిల్లల చదువుకి. నేను పోయాక కూడా ఇక్కడ దీపం వెలగాలి” అన్నారు. స్టాంపు కాగితం మీద నాలుగు వాక్యాలు రాసి వేలిముద్ర వేశారు. తాళంచెవులు మా చేతిలో పెట్టి, తాను చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయారు.

మేము ఏం చేశాం? కళ్ళు తుడుచుకున్నాం. దుఆ చేశాం. కాగితాన్ని మడిచి బీరువాలో పెట్టాం. మరుసటి వారం నుంచే క్లాసులు మొదలుపెట్టాం. రిజిస్ట్రేషన్ సంగతి కమిటీలో ఒకసారి వచ్చింది. “అంత పెద్ద మనసుతో ఇచ్చిన మనిషిని ఆఫీసుకు రమ్మంటే నమ్మకం లేదనుకుంటారేమో” అని ఒకరన్నారు. “స్టాంపు డ్యూటీకి పెట్టే డబ్బుతో ఇద్దరు పిల్లల ఫీజు కట్టొచ్చు” అని మరొకరన్నారు. రెండు మాటలూ మంచి ఉద్దేశంతో అన్నవే. రెండూ మనకు చాలా ఖరీదుపడ్డాయి.

ఖాలా అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. అల్లాహ్ ఆమెను మన్నించుగాక. ఆ తర్వాత రెండేళ్ళకు ఆమె భర్త తరఫు బంధువు ఒకాయన, మరో పెద్దమనిషిని వెంటబెట్టుకుని సెంటరుకు వచ్చారు. వచ్చినవాడు ఇల్లు కొనేవాడు. బయానా కూడా అయిపోయింది. పిల్లలు క్లాసులో కూర్చుని ఉండగానే టేపు పట్టుకుని గదులు కొలిచారు.

మేము మీసేవకు పరుగెత్తి ఈసీ తీయించాం. అందులో ఉన్నది ఒక్కటే ఎంట్రీ. 1986లో ఖాలా భర్త ఆ ఇల్లు కొన్నప్పటి దస్తావేజు. ఆ తర్వాత ఏమీ లేదు. మన సొసైటీ పేరు లేదు, ఖాలా పేరు కూడా లేదు. పదేళ్ళుగా పిల్లలు చదువుకుంటున్న ఇల్లు ప్రభుత్వ పుస్తకంలో ఇంకా చనిపోయిన మనిషిదే. కొనేవాడు కూడా అదే ఈసీ చూసుకుని బయానా ఇచ్చాడు. ఆయన్ని తప్పుపట్టడానికి మాకు నోరు రాలేదు.

ఆ రాత్రి ఇషా తర్వాత మస్జిద్ వరండాలో కూర్చున్నాం. భర్త తమ్ముళ్ళిద్దరూ అప్పటికే పోయారు. వాళ్ళ పిల్లలు ఐదుగురు. వాళ్ళలో పెద్దవాడు మర్యాదగానే మాట్లాడాడు. “పెద్దమ్మ ఇచ్చింది నిజమే. మేము కాదనడం లేదు. కానీ ఇల్లు పెదనాన్నది. పిల్లలు లేనప్పుడు భార్యకు వచ్చేది నాలుగో వంతు. మిగతాది మా నాన్నలది. వాళ్ళ వాటా పెద్దమ్మ ఎలా ఇస్తుంది? మీరు పెద్దవాళ్ళు, చదువుకున్నవాళ్ళు. ఆ రోజు మమ్మల్ని ఒక్క మాట ఎందుకు అడగలేదు?”

మా దగ్గర జవాబు లేదు. వారసత్వ వాటాలు ఖుర్ఆన్‌లో నిసా సూరాలో స్పష్టంగా ఉన్నాయి. సంతానం లేని భర్త ఆస్తిలో భార్యకు నాలుగో వంతు, సంతానం ఉంటే ఎనిమిదో వంతు. మా కమిటీలో అందరికీ తెలిసిన విషయమే అది. ఇల్లు చూసిన సంతోషంలో ఎవరికీ గుర్తు రాలేదు. ఖాలా అబద్ధమాడలేదు. భర్త ఇల్లు తనదేనని ఆ తల్లి నమ్మారు. వాటాలు అడిగి చూడవలసిన బాధ్యత మాది. మరొకరి హక్కు కలిసిన దానాన్ని పదేళ్ళు వాడుకున్నాం.

అల్హందులిల్లాహ్, ఆ ఐదుగురూ మంచివాళ్ళు. కొనేవాడు బయానా వెనక్కి తీసుకున్నాడు. ముగ్గురు తమ వాటాలను సొసైటీకి ఉచితంగా ఇచ్చేశారు. మిగతా ఇద్దరు ఇవ్వలేకపోయారు. ఒకరికి అప్పు ఉంది, మరొకరి ఇంట్లో పెళ్ళి ఉంది. వాళ్ళ వాటాలను డబ్బు పెట్టి కొన్నాం. ఖాలా తరఫు వారసులు కూడా వచ్చి, ఆమె ఇచ్చిన మాట నిజమని సంతకాలు చేశారు. మీరు చూసిన పద్దు అదే. ఆ డబ్బు స్కాలర్‌షిప్పుల నిధి నుంచి తీశాం. అందువల్ల ఈ ఏడాది కొత్త దరఖాస్తులు తీసుకోలేకపోయాం. ఇంటర్ పాసై డిగ్రీ ఫీజు కోసం వచ్చిన ఆడపిల్లలను వచ్చే ఏడాది రమ్మని తిప్పి పంపాం. వాళ్ళలో ఎందరు మళ్ళీ వస్తారో అల్లాహ్‌కే తెలుసు.

ఉచితంగా ఇచ్చిన ముగ్గురిలో ఒక అమ్మాయి అమెరికాలో టెక్సాస్‌లో ఉంటుంది. ఫోనులో ఆ అమ్మాయి చెప్పిన సంగతి మీకూ చెప్పాలి. వాళ్ళు అక్కడ ఇల్లు కొన్నప్పుడు దస్తావేజును కౌంటీ క్లర్క్ ఆఫీసులో రికార్డు చేయించారట. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. కొన్ని రాష్ట్రాల్లో ఆ అధికారిని కౌంటీ రికార్డర్ అంటారు. అమ్మినవాళ్ళు నోటరీ ముందు సంతకం చేస్తారు. ఆ కాగితం కౌంటీ ఆఫీసుకు వెళ్తుంది. అక్కడ దానికి నంబరు వేసి, తేదీ, సమయం రాసి, నకలు పుస్తకంలోకి ఎక్కిస్తారు. ఆ క్షణం నుంచి ఆ ఇల్లు ఎవరిదో లోకమంతటికీ తెలిసినట్టే లెక్క. టెక్సాస్ చట్టంలో రికార్డు చేయని దస్తావేజు కూడా ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ మధ్య చెల్లుతుంది. కానీ ఆ సంగతి తెలియకుండా, తర్వాత డబ్బు పెట్టి కొన్న మూడోమనిషి మీద అది చెల్లదు. అంతా చెప్పి ఆ అమ్మాయి ఒక మాట అడిగింది. “అంకుల్, ఇక్కడ మేము ఇల్లు కొంటే వారం తిరక్కుండా రికార్డు చేయిస్తాం. అక్కడ పెద్దమ్మ ఇల్లు పదేళ్ళు ఎందుకు వదిలేశారు?”

కౌంటీ ఆఫీసు చేసే పని, మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు చేసే పని మూలంలో ఒకటే. రెండు చోట్లా కాగితాన్ని పుస్తకంలోకి ఎక్కిస్తారు. రెండు చోట్లా ఆస్తి నిజంగా ఇచ్చేవాడిదా కాదా అని ఆఫీసు హామీ ఇవ్వదు. అందుకే అక్కడ కొనేవాళ్ళు టైటిల్ ఇన్సూరెన్స్ తీసుకుంటారు. మనకు ఆ అలవాటు లేదు కనుక లింకు డాక్యుమెంట్లు, వారసుల వివరాలు మనమే ముందుగా చూసుకోవాలి.

ఇక్కడ దాతల్లో పెద్దవాళ్ళు ఒక మాట అంటారు. “మన షరియత్‌లో హిబా నోటిమాటతోనే చెల్లుతుంది కదా?” అని. నిజమే. ఇచ్చేవాడు ఇస్తున్నానని చెప్పాలి, పుచ్చుకునేవాడు ఒప్పుకోవాలి, ఆస్తి స్వాధీనం చేయాలి. ఈ మూడూ ఉంటే హిబా పూర్తవుతుంది. ఆస్తి బదిలీ చట్టం 129వ సెక్షన్ ముస్లింల హిబాకు ఈ మినహాయింపు ఇచ్చింది. మూడు షరతులూ తీరితే, కాగితం మీద రాసిన హిబా అయినా రిజిస్ట్రేషన్ లేదన్న కారణంతో చెల్లకుండా పోదని సుప్రీంకోర్టు 2011లో హఫీజా బీబీ కేసులో చెప్పింది.

మరి ఇబ్బంది ఎక్కడ? హిబా జరిగిందని నిరూపించడం దగ్గర. ఆ రోజు కూర్చున్న నలుగురు పెద్దల్లో ముగ్గురు ఇప్పుడు లేరు. తాళంచెవులు ఇచ్చిన చేయి లేదు. నోటిమాట ఈసీలో కనిపించదు. బ్యాంకుకు కనిపించదు, కొనేవాడికి కనిపించదు. చెల్లుబాటు అయ్యే దానాన్ని కూడా కోర్టులో పదేళ్ళు నిలబెట్టుకోవలసి వస్తే, అంతకాలం పిల్లలు ఎక్కడ కూర్చుంటారు?

రాతలో పెట్టడం అపనమ్మకం కాదు. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకొమ్మని, సాక్షులను పెట్టుకొమ్మని చెప్పే ఆయతు బఖరా సూరాలో 282వది. ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయతు అదే. హజ్రత్ ఉమర్ (రజి) ఖైబర్‌లో తనకు వచ్చిన భూమి గురించి దైవప్రవక్త (సల్లం) సలహా అడిగారు. భూమిని అలాగే నిలిపి, దాని ఫలసాయాన్ని దానం చేయమని ప్రవక్త సూచించారు. ఆ భూమిని అమ్మకూడదు, ఎవరికీ ఇచ్చేయకూడదు, వారసత్వంగా పంచుకోకూడదు అన్నది షరతు. ఉమర్ (రజి) దాన్ని రాతలో పెట్టించారు. రాసినవారు ముఐఖీబ్, సాక్షి అబ్దుల్లాహ్ బిన్ అర్ఖమ్ అని అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. ఉమర్ మాటను శంకించే మనిషి ఎవరున్నారు? అయినా ఆయన రాయించారు. మనం ఎందుకు మొహమాటపడాలి?

ఇకముందు స్థలమో ఇల్లో ఇవ్వదలచిన దాతలతో మా కమిటీ ఎలా నడుచుకోవాలో ఈ ఏడాది తీర్మానించుకున్నాం. అది మీకు విన్నవిస్తాం.

మొదట, ఆస్తి ఎవరి పేరు మీద ఉందో చూస్తాం. తండ్రి పేరు మీదో, భర్త పేరు మీదో ఉంటే వారసులందరినీ కూర్చోబెడతాం. ముఖ్యంగా ఆడపిల్లలను అడుగుతాం. మన ఇళ్ళలో అక్కచెల్లెళ్ళ వాటా అడగకుండానే అన్నదమ్ములు దానం చేసేస్తుంటారు. వాళ్ళ సంతకం లేకుండా ఇకమీద ఏ ఇల్లూ తీసుకోం.

రెండోది, సొసైటీకి గిఫ్టా, వక్ఫా అన్నది దాతే తేల్చుకోవాలి. గిఫ్టుగా ఇస్తే ఆస్తి సొసైటీది అవుతుంది. వక్ఫ్ చేస్తే అది శాశ్వతంగా అల్లాహ్ పేరున నిలిచిపోతుంది. దాన్ని 1995 వక్ఫ్ చట్టం ప్రకారం వక్ఫ్ బోర్డులో నమోదు చేయించాలి. 2025 సవరణ తర్వాత వక్ఫ్ దస్తావేజు రాయకుండా కొత్త వక్ఫ్ ఏర్పడదు. కనుక నోటిమాటతో వక్ఫ్ చేశామనే రోజులు ఇక లేవు. వక్ఫ్ ఆస్తులు 22ఎ నిషేధిత జాబితాలో చేరితే వాటి అమ్మకాన్ని సబ్ రిజిస్ట్రార్ రిజిస్టరు చేయరు. ఆ రక్షణ కావాలంటే ముందు రికార్డు ఉండాలి.

మూడోది, దస్తావేజు సొసైటీ పేరు మీదే ఉండాలి. అధ్యక్షుడి పేరు మీదో, ఖజాంచీ పేరు మీదో వద్దు. ఈ రోజు అధ్యక్షులుగా ఉన్న పెద్దమనిషి నిజాయితీపరుడే కావచ్చు. రేపు ఆయన వారసులకు అది తండ్రి ఆస్తిలాగే కనిపిస్తుంది.

నాలుగోది, దస్తావేజు మీద సంతకం అయిన 4 నెలల లోపల రిజిస్ట్రేషన్‌కు ఇవ్వాలి. 1908 రిజిస్ట్రేషన్ చట్టం పెట్టిన గడువు అది. ఆలస్యానికి తగిన కారణం ఉంటే జరిమానాతో మరో 4 నెలల వరకు అనుమతి దొరకవచ్చు. దాతా, సొసైటీ ప్రతినిధీ, సాక్షులూ వెళ్ళాలి. ఫొటోలు, వేలిముద్రలు తీసుకుంటారు. స్టాంపు డ్యూటీ, ఫీజు ఎంతో ఆ వారంలోనే ఆఫీసులో అడిగి చలాను కట్టాలి. రేట్లు మారుతుంటాయి. ఈ ఖర్చు దాత మీద పెట్టం, సొసైటీయే భరిస్తుంది. ఇద్దరు పిల్లల ఫీజు మిగులుతుందని మళ్ళీ లెక్కవేయం.

పెద్దవయసువారు, మంచాన ఉన్నవారు ఆఫీసుకు రాలేమని బాధపడనక్కర్లేదు. తగిన కారణం చూపిస్తే సబ్ రిజిస్ట్రార్ ఇంటికే వచ్చి రిజిస్ట్రేషన్ చేసే వీలు చట్టంలోని 31వ సెక్షన్‌లో ఉంది. ఖాలా విషయంలో ఈ ఒక్క సంగతి మాకు తెలిసి ఉంటే ఆమెను శ్రమపెడతామన్న సంకోచమే ఉండేది కాదు.

విదేశాల్లో ఉన్న మన పిల్లలకు కూడా దారి ఉంది. టెక్సాస్ అమ్మాయి హ్యూస్టన్‌లోని భారత కాన్సులేటులో పవర్ ఆఫ్ అటార్నీ రాసి పంపింది. అలాంటి కాగితం మన దేశంలో అందిన 3 నెలల లోపల దానికి స్టాంపు వేయించాలి. ఆ తేదీ దాటిపోకుండా మేము కవరును కూడా భద్రపరిచాం.

ఐదోది, రిజిస్ట్రేషన్‌తో పని అయిపోదు. మళ్ళీ ఈసీ తీసి మన ఎంట్రీ ఎక్కిందో లేదో చూడాలి. మున్సిపాలిటీలో ఇంటి పన్ను పేరు మార్పించాలి. పొలమైతే రెవెన్యూ రికార్డులో మ్యుటేషన్ చేయించాలి. అసలు దస్తావేజు బ్యాంకు లాకరులో ఉండాలి. నకలు దాత కుటుంబానికి ఇవ్వాలి, తమ పెద్దలు ఏమి చేసిపోయారో వాళ్ళ పిల్లలకు తెలియాలి కదా.

దాతలకు మరో రెండు మాటలు. ఆదాయపు పన్ను మినహాయింపు డబ్బు రూపంలో ఇచ్చే విరాళాలకే ఉంటుంది, ఇల్లూ స్థలమూ ఇచ్చినందుకు రాదు. ఇది ముందే చెప్పడం మా ధర్మం. రెండోది, ఇవ్వాలనుకున్నది ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఇవ్వండి. మరణశయ్య మీద చేసిన హిబా అయినా, వసీయత్ అయినా వారసుల సమ్మతి లేకుండా మూడో వంతుకు మించి చెల్లదు. తర్వాత చూద్దాంలే అనుకున్న దానం తర్వాతివాళ్ళకు తగాదాగా మిగులుతుంది.

ఇప్పుడు ఖాలా ఇంటి మాట. పోయిన నెల కొత్త ఈసీ తీయించాం. 1986 నాటి ఎంట్రీ కింద వరసగా కొత్త ఎంట్రీలు ఉన్నాయి. అన్నిటిలోనూ పుచ్చుకున్నవారి గడిలో మన సొసైటీ పేరు ఉంది. ఆ కాగితాన్ని సెంటరుకు తీసుకెళ్ళి పిల్లలకు చూపించాం. ఒక పాప “ఇందులో ఖాలా పేరు ఎక్కడుంది సార్?” అని అడిగింది. చూశాం. ఆమె వారసులు రాసిచ్చిన ధ్రువీకరణ దస్తావేజు నకలు తెరిచి, ఆమె ఇల్లు ఇచ్చిన సంగతి ఉన్న వాక్యం చూపించాం. పాప వేలు పెట్టి ఆ పేరు చదివింది. పదేళ్ళ కిందటే ఆ పేరు ఆమె ఉండగానే, ఆమె వేలిముద్రతో ఆ పుస్తకంలోకి ఎక్కించి ఉండవలసింది. ఆ లోటు మాది. దానికి మీ ముందు, ఆమె ఆత్మ ముందు క్షమాపణ చెప్పుకుంటున్నాం.

సదఖా జారియా అంటే మనిషి పోయినా ఆగకుండా ప్రవహించే పుణ్యం. దానికి గట్లు కట్టే పని పుచ్చుకున్నవాళ్ళది. మీరు ఇచ్చేది మా దగ్గర అమానత్. ఈ సభ ముగిశాక ఆస్తుల రిజిస్టరు బయట బల్ల మీద పెడుతున్నాం. ఏ దాత అయినా తెరిచి చూడవచ్చు, తప్పు కనిపిస్తే అడగవచ్చు. అడిగినందుకు మేము నొచ్చుకోం.

వెనక్కి పంపిన ఆడపిల్లల దరఖాస్తులు కూడా ఆ బల్ల మీదే ఉన్నాయి. వచ్చే ఏడాది వరకు ఆగనివ్వకూడదని మా ఆశ.

అల్లాహ్ మన దానాలను స్వీకరించుగాక. మన అమానత్‌ను కాపాడుకునే తెలివినీ, ఓపికనూ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.

వ ఆఖిరు దావానా అనిల్ హమ్దులిల్లాహి రబ్బిల్ ఆలమీన్.